గర్జనలోని గాంధారము: కర్ట్ కొబేన్ జీవితకథ

మనకు నచ్చని సంగీతమును మనము వినము. విన్నామని మాత్రము అనుకొందుము. ప్రక్కయింటినుండియో, వీధిలో పోవు బండినుండియో రెండు నిమిషములు చెవిని బడినదానినిబట్టి తీర్పు చెప్పి, కిటికీ మూసివేయుదుము. పాశ్చాత్యుల పంక్ రాక్ సంగీతము విషయమున నేను చిరకాలము చేసిన పని యిదియే. త్వరత్వరగా మీటిన మూడు నాలుగు స్వరములు, డ్రమ్ముల మోత, పాటకు బదులు కేక. ఇంతకు మించి అందులో నేమున్నదని నా వాదము. కీర్తనలు వినుచు పెరిగిన చెవికి అది రుచింపకపోవుట సహజమేయని సమాధానము కూడ చెప్పుకొనుచుంటిని.

నాయొద్ద చదువుకొనిన ఒక విద్యార్థి కొన్ని యేండ్ల క్రిందట నా మాట విని, నాతో వాదింపలేదు. ఒక ఆల్బమును నా చేతికిచ్చి, రాత్రివేళ తలుపులు మూసికొని, మొదటినుండి తుదివఱకు ఒక్కమారు వినుడని మాత్రము కోరెను. దాని పేరు ఇన్ యూటెరో. లాటిన్ భాషలో గర్భమునందు అని యర్థము. 1993లో వెలువడినది. మొదటి పాటలో పడిన మొదటి దెబ్బకే ఆపివేయబోతిని. పిల్లవానికి మాట యిచ్చితిని గనుక ఆపలేదు. నలుబది నిమిషములు గడచి ఆల్బము ముగిసిన పిమ్మట, నేనే దానిని మరల మొదటినుండి పెట్టుకొంటిని. ఆ రాత్రి నాకు వినబడినదేమో చెప్పవలెనన్నచో, ఆ పాటలు కట్టినవాని కథ చెప్పవలెను. ఆతని పేరు కర్ట్ కొబేన్.

అమెరికా సంయుక్తరాష్ట్రముల వాయవ్యమూలను, పసిఫిక్ తీరమునకు చేరువగా, వాషింగ్టన్ రాష్ట్రమున అబెర్డీన్ అను చిన్న పట్టణము కలదు. చుట్టును మహారణ్యములు. కలప నరకుట, ఱంపపు మిల్లులలో కోయుట ఆ యూరివారికి తరతరముల జీవనాధారము. సంవత్సరములో పెక్కు మాసములు ముసురు విడువదు. ఆ యూరి ఆసుపత్రిలో 1967 ఫిబ్రవరి 20వ తేదీన కర్ట్ జన్మించెను. తండ్రి డొనాల్డ్ మోటారు బండ్ల మరమ్మతు చేయు మెకానిక్కు. తల్లి వెండీ భోజనశాలలో వడ్డన పని చేసెడిది. మూడేండ్ల పిమ్మట కిమ్ అను చెల్లెలు పుట్టెను.

తల్లివైపు వారికి సంగీతముతో పరిచయము కలదు. మేనమామ ఒక వాద్యబృందములో నుండెను. పినతల్లి గీటారు వాయించుచు పాడెడిది. బాలుడు మాటలు వచ్చిన నాటినుండియు బీటిల్స్ బృందమువారి పాటలు పాడుచు, దొరికిన కాగితములన్నిటిపైనను బొమ్మలు గీయుచు, ఇల్లంతయు సందడి చేయుచుండెను. ఆతనికి తొమ్మిదేండ్లు వచ్చునప్పటికి, 1976లో, తల్లిదండ్రులు విడిపోయిరి. ఆ దెబ్బనుండి ఆతడు కోలుకొనలేదు. కొన్నాళ్లు తల్లివద్ద, కొన్నాళ్లు మాంటెసానో అను పొరుగూర తండ్రివద్ద, తండ్రి మఱొక వివాహము చేసికొనిన పిమ్మట బంధువుల యిండ్లలో, మిత్రుల యిండ్లలో కాలము గడపెను. ఉల్లాసముగా తిరుగాడిన బాలుడు ముడుచుకొనిపోయెను. తక్కిన పిల్లలకు తల్లియు తండ్రియు నొక్కయింట నుండగా తనకు లేకపోవుట సిగ్గుగా తోచెనని పెద్దవాడైన తరువాత ఆతడు పలుమారులు చెప్పుకొనెను.

1981లో పదునాలుగవ పుట్టినరోజున మేనమామ ఆతనిని సైకిలు కావలెనా, గీటారు కావలెనా యని యడిగెను. బాలుడు గీటారు కోరుకొనెను. అది ఎవరో వాడి విడిచిన పాతది. కర్ట్‌ది ఎడమచేతివాటము. కొలది పాఠములు మాత్రమే నేర్చుకొని, తక్కినదంతయు గదిలో కూర్చుండి తానే సాధించెను.

ఇచ్చట నొక సంగతి చెప్పవలెను. లోకము పంక్ సంగీతమునకు ప్రతినిధిగా నెంచిన యీతనికి, మొదట విన్న పంక్ రికార్డు నచ్చలేదు. అబెర్డీన్ వంటి మారుమూల పట్టణమున అట్టి రికార్డులు దొరకుట దుర్లభము. ఆతడు క్రీమ్ అను సంగీతపత్రికలో ఇంగ్లండు దేశపు పంక్ బృందములను గూర్చి చదివి, బొమ్మలు చూచి, ఆ సంగీతమెట్లుండునో తన మనస్సులోనే కల్పించుకొనెను. తుదకు ఊరి గ్రంథాలయములో క్లాష్ అను లండన్ బృందమువారి సాండినిస్టా దొరకెను. అది 1980లో వెలువడిన మూడు రికార్డుల సంపుటము. అందులో జమైకా దేశపు లయలును, జాజ్ పోకడలును, మఱెన్నో ప్రయోగములును కలవు. కర్ట్ ఊహించుకొనిన గర్జన మాత్రము అందు లేదు. పంక్ అన్నది ఇదియేనా యని నిరాశ చెంది, కొంతకాలము దాని జోలికి పోలేదు. పంక్ నాకు మోతగా తోచి రుచింపలేదు. ఆతనికి మోత చాలక రుచింపలేదు. ఇరువురమును ఒక్క రికార్డుతోనే తీర్పు చెప్పినవారమే.

ఆ తీర్పు 1983 వేసవిలో మాఱెను. మాంటెసానోలో ఒక కిరాణా దుకాణము వెనుక, బండ్లు నిలుపు స్థలమున, మెల్విన్స్ అను స్థానిక బృందము ఉచితముగా వాయించెను. ఆ బృందనాయకుడు బజ్ ఆస్బోర్న్ కర్ట్‌కు పాఠశాలలో పరిచితుడే. వారు మితిమీరిన వేగముతో, మితిమీరిన ధ్వనితో వాయించిరి. చేరినవారిలో పలువురు విసుగుకొనిరి. కర్ట్ మాత్రము తాను వెదకుచున్నది ఇదియేయని తెలిసికొని, ఆ సంగతి తన దినచర్యలో వ్రాసికొనెను. ఆస్బోర్న్ ఆతనికి టేపులు చేసియిచ్చి, ఆ సంగీతపు త్రోవలన్నియు చూపెను. గురువులెప్పుడును బడిలోనే దొరకుదురను నియమము లేదు.

బడిలో కర్ట్ నిలువలేకపోయెను. చిత్రలేఖనమునందు తప్ప దేనియందును మనస్సు నిలుపలేదు. 1985 మే నెలలో, పట్టము పుచ్చుకొనుటకు కొలది వారములు మాత్రమే యుండగా, చాలినన్ని మార్కులు కూడలేదని తెలిసి చదువు మానెను. తల్లి, పనియైన చేయుము, లేకున్న ఇల్లు విడువుమని చెప్పెను. ఆతడు ఇల్లు విడిచెను. కొంతకాలమునకు తాను విడిచిన పాఠశాలలోనే నేలలు తుడుచు పనికి కుదిరెను. ఆ సంవత్సరము డిసెంబరులో పినతల్లి యింట, నాలుగు ట్రాకుల టేపు యంత్రముపై తన మొదటి పాటలను రికార్డు చేసెను. ఆ టేపునకు ఆతడు పెట్టిన పేరునకు, నిరక్షరాస్యతయే జయించునని భావము. చదువు విడిచిన పిల్లవాని యెత్తిపొడుపో, ఏడుపో ఉపాధ్యాయులు ఊహించుకొనవచ్చును.

ఆ టేపును విన్న క్రిస్ట్ నొవొసెలిచ్ అను క్రొయేషియా సంతతి యువకుడు కర్ట్‌తో కలియుటకు ముందుకు వచ్చెను. ఆతడు మిక్కిలి పొడవరి. బేస్ గీటారు వాయించువాడు. 1987లో వారిరువురును బృందము నారంభించిరి. పేరులు పెక్కు మార్చి, తుదకు నిర్వాణ యని నిలిపిరి. పంక్ బృందములకు కటువైన పేరులుండుట వాడుక. కర్ట్ అందమైన పేరు కావలెనని కోరి బౌద్ధుల పదమును గ్రహించెను. అమరావతి, నాగార్జునకొండల నెఱిగిన మనకు ఆ పదము క్రొత్తది కాదు. దీపము ఆఱిపోవుటవలె, తృష్ణ చల్లారుటయని దాని మూలార్థము. ఆ పేరు పెట్టుకొనినవానికి ఆ చల్లదనము మాత్రము లభింపలేదు.

సియాటిల్ నగరములో ఆ దినములలో సబ్ పాప్ అను చిన్న రికార్డు కంపెనీ యుండెను. అచ్చటి బృందములు పంక్ సంగీతపు వేగమును, హెవీ మెటల్ సంగీతపు బరువును కలిపి వాయించుచుండిరి. ఆ సమ్మేళనమునకు గ్రంజ్ అను పేరు స్థిరపడెను. మడ్డి, మురికి యని ఆ మాటకు వాడుక. నిర్వాణ మొదటి ఆల్బము బ్లీచ్ ఆ కంపెనీ ద్వారా 1989 జూన్ నెలలో వెలువడెను. దాని రికార్డింగునకైన వ్యయము 606 డాలర్ల 17 సెంట్లు. ఆ సొమ్ము ఇచ్చిన స్నేహితునికి కృతజ్ఞతగా, ఆతడు అందులో వాయింపకున్నను, అట్టపై ఆతని పేరు వేసిరి. పాత వ్యానులో వాద్యములు వేసికొని ఊరూరు తిరిగి వాయించిరి. 1990 సెప్టెంబరులో డ్రమ్ములకు డేవ్ గ్రోల్ వచ్చి చేరుటతో బృందము పూర్ణమయ్యెను.

మఱుసటి యేడు వారు పెద్ద కంపెనీతో ఒడంబడిక చేసికొనిరి. బుచ్ విగ్ పర్యవేక్షణమున, లాస్ ఏంజిలిస్ నగరములోని సౌండ్ సిటీ స్టూడియోలో రికార్డు చేసిన నెవర్‌మైండ్ 1991 సెప్టెంబరు 24న విడుదలయ్యెను. మొదట అమెరికాలో దుకాణములకు పంపిన ప్రతులు సుమారు 46 వేలు మాత్రమే. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ ఆల్బమును త్రోసి బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమస్థానమున నిలిచెను. కాలక్రమమున లోకమంతట మూడు కోట్ల ప్రతులు చెల్లినవని లెక్క. స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్ అను పాట ఆ విజయమునకు ముఖ్యకారణము. ఆ పేరు వెనుక నొక వినోదము కలదు. ఒక స్నేహితురాలు హాస్యమునకు గోడమీద వ్రాసిన మాటనుండి కర్ట్ దానిని గ్రహించెను; అందులోని టీన్ స్పిరిట్ అనునది ఆడపిల్లలు వాడు ఒక పరిమళద్రవ్యము పేరని ఆతడెఱుగడు. ఏదో విప్లవసందేశమని భావించి వాడుకొనెను. ఆ పాటకు తీసిన చిత్రములో పాఠశాల వ్యాయామశాలయు, నేల తుడుచు పనివాడును కన్పట్టుదురు. ఆ పనివాడెవరో చదువరులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

కీర్తి ఆతనికి సుఖము నీయలేదు. చిన్ననాడు తన్ను హేళనచేసి కొట్టినట్టివారే నేడు తన కచేరీలలో ముందు వరుసలను నిలిచి కేకలు వేయుచున్నారని ఆతనికి తోచెను. 1992 డిసెంబరులో వెలువడిన మఱొక సంపుటమునకు వ్రాసిన పరిచయమున, జాతిభేదము పాటించువారును, స్త్రీలను ద్వేషించువారును తన రికార్డులు కొనవలదని స్పష్టముగా కోరెను. 1993 ఏప్రిల్‌లో బోస్నియా యుద్ధమున అత్యాచారములకు గురియైన స్త్రీల సహాయార్థము శాన్ ఫ్రాన్సిస్కో చెంత కచేరి చేసిరి. 1992 ఫిబ్రవరిలో ఆతడు కోర్ట్నీ లవ్ అను గాయనిని వివాహమాడెను. ఆగస్టులో కుమార్తె పుట్టెను. అప్పటికే హెరాయిన్ అను మాదకద్రవ్యము ఆతనిని పట్టుకొనియుండెను. ఏండ్లతరబడి వదలని కడుపునొప్పిని అణచుటకే దాని నాశ్రయించితినని ఆతడు చెప్పుకొనెను. నొప్పి యథార్థమే. ఆ ద్రవ్యము దానికి మందు కాకపోవుటయు యథార్థమే.

నెవర్‌మైండ్ మితిమీరి నునుపు తేలినదని ఆతనికి అసంతృప్తి. కావున తరువాతి ఆల్బమునకు స్టీవ్ ఆల్బినీ అను రికార్డింగు నిపుణుని కోరెను. 1993 ఫిబ్రవరిలో, మిన్నెసోటా రాష్ట్రమున, కానన్ ఫాల్స్ అను ఊర, మంచు కప్పిన అడవి నడుమనున్న స్టూడియోలో సుమారు రెండు వారములలో పని ముగిసెను. ఆల్బినీ పద్ధతి తేట. వాద్యకారులు ముగ్గురును ఒక్కమారు కూడి వాయింపవలెను. డ్రమ్ముల చుట్టును గదిలో పలుచోట్ల మైకులు పెట్టి, గది మ్రోత కూడ రికార్డులో పడునట్లు చేయవలెను. దిద్దుబాట్లు చేయరాదు. గాత్రములో అధికభాగమును కర్ట్ ఆరు గంటలలో పాడి ముగించెననిన, ఆ పని యెట్లు సాగెనో తెలియును. ఆల్బినీ ఒక లక్ష డాలర్ల వేతనము మాత్రము పుచ్చుకొని, అమ్మకములో వాటా వలదనెను. పాట కట్టినవానికి చెందవలసిన దానిని రికార్డు చేసినవాడు తినుట అన్యాయమని ఆతని నియమము. కంపెనీవారు ఈ కఠోరధ్వనికి వెఱచిరి. తుదకు రెండు పాటలను మాత్రము వేఱొక నిపుణునిచేత కొంత మెత్తపఱపించిరి. ఆ సెప్టెంబరులో విడుదలైన ఆల్బము అమెరికా పట్టికలో తొలివారముననే ప్రథమస్థానము నందుకొనెను.

నేను ఆ రాత్రి విన్నది ఆ ఆల్బమునే. అందులో సాహిత్యవాసన కూడ కలదని నాకు తరువాత తెలిసెను. ఒక పాట, జర్మను రచయిత పాట్రిక్ జ్యూస్కింట్ వ్రాసిన పెర్‌ఫ్యూమ్ అను నవలనుండి పుట్టినది. తన దేహమునకు వాసనయే లేక, లోకపు వాసనలన్నిటిని పట్టగల ఒక అనాథ కథ యది. కర్ట్ ఆ నవలను మరల మరల చదివెడివాడు. మఱియొక పాట ఫ్రాన్సెస్ ఫార్మర్ అను సియాటిల్ నటిని గూర్చినది. ఆమె 1940 ప్రాంతపు దశకమున మానసిక చికిత్సాలయమున ఏండ్లపాటు బంధింపబడినది. వెలివేయబడిన వారియందే ఆతని దృష్టి నిలిచెను.

అయినను నన్ను పట్టి నిలిపినది సాహిత్యము కాదు, స్వరము. సంగీతము నేర్చు విద్యార్థులు ఈ విషయమును గమనింపవలెను. పాశ్చాత్యుల స్వరసమూహమున సామాన్యముగా షడ్జము, గాంధారము, పంచమము ఉండును. అందున్నది అంతర గాంధారమైనచో ఉల్లాసమును, సాధారణ గాంధారమైనచో విషాదమును ధ్వనించునని వారి భావన. రాక్ వాద్యకారులు తఱచు గాంధారమును విడిచి, షడ్జపంచమములనే మీటుదురు. గీటారు ధ్వనిని చీల్చి బొంగురుపఱచు పెట్టె గుండ గాంధారమును కూడ పంపినచో, స్వరములు ఒకదానితో నొకటి కలహించును. షడ్జపంచమములు మాత్రము చీలినకొలదియు బలిసి, నిండుగా మ్రోగును. మన తంబురాలో మ్రోగునవి ఏవి? ఆ షడ్జపంచమములే కదా! రొద యని నేను త్రోసివేసినదాని అడుగున నిలిచినది, నేను బాల్యమునుండి ఎఱిగిన శ్రుతియే.

గీటారు విడిచిన ఆ గాంధారపు చోట కర్ట్ గొంతు తిరుగాడును. అది ఉల్లాసమో విషాదమో తేలక, ఒక్కొక్కప్పుడు రెంటికి నడుమ ఒరసికొనుచు పోవును. చరణమును గొణుగుచున్నట్లు మెల్లగా పాడి, పల్లవి వచ్చునప్పటికి సర్వవాద్యములతో విరుచుకొనిపడుట ఆతని కట్టడి. పిక్సీస్ అను బృందమునుండి దానిని నేర్చితినని ఆతడు దాచక చెప్పెను. మెల్లదనము లేకున్న ఆ గర్జనకు అర్థము లేదు. అన్నిటికంటె బిగ్గరగా కేక వేసినచోట కూడ రాగము చెడదు. బాల్యమున నేర్చిన బీటిల్స్ పాటల మాధుర్యము ఆ కేకలో దాగియున్నది. చివరి పాటలో గీటారుల వెనుక చెల్లో వాద్యము సన్నగా సాగుచుండును. మొదటిసారి అది నాకు వినబడలేదు. రెండవసారి వినబడెను.

1993 నవంబరు 18న న్యూయార్కులో ఎం.టీ.వీ. వారి కొఱకు, అధికధ్వని విడిచి, మెత్తని వాద్యములతో కచేరి చేసిరి. పదునాలుగు పాటలలో ఆఱు ఇతరులవి. తుదిపాట నల్లజాతి జానపద గాయకుడు లెడ్ బెల్లీ పాడి ప్రసిద్ధము చేసినది. ఆ కచేరి విన్న పిమ్మట, రొదయని ముఖము త్రిప్పుకొనినవారు కూడ కర్ట్ రాగజ్ఞుడని యొప్పుకొనిరి. కాని రాగము ఆ దినమున క్రొత్తగా రాలేదు. అది మొదటినుండియు గర్జనలోనే యుండెను.

తరువాతి కథ చిన్నది. 1994 మార్చి 1న మ్యూనిక్ నగరమున బృందము కడపటి కచేరి చేసెను. ఆప్తులు పట్టుబట్టి కర్ట్‌ను చికిత్సకు పంపిరి. రెండు మూడు దినములలోనే ఆతడు అచ్చటినుండి వెడలిపోయెను. ఏప్రిల్ 5న సియాటిల్‌లోని తన యింట స్వయముగా ప్రాణములు తీసికొనెను. మూడు దినములకు గాని లోకమునకు తెలియలేదు. వయస్సు ఇరువదియేడు. కుమార్తెకు రెండేండ్లైన నిండలేదు. ఆ మరణమును కొందఱు యువకులు ఒక కావ్యముగా చెప్పుకొందురు. అందు కావ్యమేమియు లేదు. చికిత్సకు లొంగదగిన వేదనలు ఆతనిని బలిగొనెను. ఆతడు కట్టవలసియుండిన పాటలన్నియు ఆతనితోనే పోయెను. నేటి మన పిల్లలలో ఎవరికైన అట్టి చీకటి క్రమ్మినచో, ఆ సంగతి నోరువిప్పి తల్లిదండ్రులకో, ఉపాధ్యాయునికో, వైద్యునికో చెప్పుట పిఱికితనము కాదు. చెప్పునప్పుడు వినుట పెద్దల విధి.

2014లో నిర్వాణ బృందమునకు అమెరికాలోని రాక్ సంగీత గౌరవమందిరమున స్థానము లభించెను. అబెర్డీన్‌లో, బాల్యమున ఆతడు తిరుగాడిన యేటివంతెన చెంత, ఆతని జ్ఞాపకార్థము చిన్న ఉద్యానము వెలసెను. ఆతనిచేత నేలలు తుడిపించుకొనిన ఊరు నేడు ఆతని పేరు చెప్పుకొనుచున్నది.

పంక్ సంగీతమంతయు నాకు నేటికిని రుచింపదు. రుచించునని బొంకవలసిన పనిలేదు. కాని తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండి, పాఠము వినక, పుస్తకపు అంచులపై బొమ్మలు గీయు పిల్లవాడు కనబడినప్పుడు మునుపటివలె త్వరపడి తీర్పు చెప్పను. ఆతని మౌనములోనో, ఆతని రొదలోనో నా చెవికి ఇంకను అందని గాంధారమొకటి యుండవచ్చును. ఆల్బము నిచ్చిన విద్యార్థికి దానిని తిరిగి యిచ్చివేసితిని. మరునాడే అంగడికి పోయి నా కొఱకు ఒకటి కొనితెచ్చుకొంటిని.